దత్తతకు వెళ్ళిన అరలు

లైబ్రరీ, ఇష్యూ కౌంటరు
ఫిబ్రవరి 3

వదినకు,

ఇక్కడ అందరం క్షేమం, పైకప్పు తప్ప.

ఫోను చెయ్యొచ్చుగా అంటావు. చేస్తే అన్నయ్య ఎత్తుతాడు, నేను నోరు తెరిచేలోపు తన ఆఫీసు గొడవ మొదలుపెడతాడు, నీ దాకా రానివ్వడు. ఈ కబురు నీకే ముందు చెప్పాలి. ఇవాళ నాకు కాళ్ళు నేల మీద ఆనడం లేదు.

మున్సిపాలిటీ వాళ్ళు ఒప్పుకున్నారు. తొమ్మిదేళ్ళుగా మేం పెట్టిన అర్జీలు పేర్చుకుంటే ఆ కాగితాలతోనే కప్పు వేసుకోవచ్చు, అలాంటిది నిన్న మీటింగులో పావుగంటలో తేలిపోయింది. రిపేరు ఖర్చులో సగం ఊరివాళ్ళం పోగుచేస్తే మిగతా సగం వాళ్ళిస్తారట. మా కమిటీ కోశాధికారి ఉన్నారే, రిటైరైన లెక్కల మాస్టారు, ఊరంతా దశాంశం గారనే పిలుస్తుంది. ఆయన లేచి, సగమంటే కచ్చితంగా సున్నా పాయింట్ అయిదేనా అని అడిగి మరీ రాయించారు. బయటికొచ్చాక ఆ డెబ్బై రెండేళ్ళ మనిషి మెట్లు రెండేసి చొప్పున దూకారు. నేను మూడు దూకాను.

మేడ మీది చదివే గది సంగతి నీకు తెలుసు. మూడేళ్ళుగా టార్పాలిన్ కప్పి తాళం వేశాం. కింద ఇరవై మంది మోచేతులు రాసుకుంటూ కూర్చుంటున్నారు. మొన్నటి వానకి చరిత్ర బీరువా దగ్గర ఒకాయన గొడుగు వేసుకుని చదువుతుంటే, కాస్త జరగండి అంటూ ఇంకొకాయన దాని కిందికి దూరాడు. ఇద్దరూ ఒకే పుస్తకం చదివారు, పేజీ తిప్పే దగ్గర పోట్లాడుకున్నారు కూడా. నాకున్నది ఒక్కటే కోరిక, వదినా. ఆ మేడ గది మళ్ళీ తెరవాలి.

నువ్వు ఇళ్ళకీ ఆఫీసులకీ ప్లాన్లు గీసే మనిషివి. మాకొకటి గీసిపెట్టు. ఫీజు అడగవని ధైర్యం. అడిగినా ఇచ్చుకోలేమని ఇంకా ధైర్యం.

నీ మరదలు


డ్రాయింగు ఆఫీసు, కిటికీ పక్క బల్ల
ఫిబ్రవరి 11

మరదలు పిల్లకు,

ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది నీ సంబరం. డబ్బు చేతికి రాకముందే మెట్లు దూకేశారు. దశాంశం గారి మోకాళ్ళు ఎలా ఉన్నాయో రాయి.

ప్లాను ఇందులోనే పెట్టాను. పాత పెంకులు మొత్తం తీసెయ్యాలి. ఉత్తరం వైపు వాలులో ఈ చివరి నుంచి ఆ చివరికి గాజు వేయించు. ఎండ పడదు, వెలుతురు పడుతుంది, పగలంతా దీపం లేకుండా చదువుకోవచ్చు. వారంలో ఎలా గీశావని అడక్కు. ఈ మధ్య చేతిలో పని తక్కువగా ఉంది.

ఇక అసలు సంగతి. కప్పు విప్పితే నాలుగు నెలలు పడుతుంది. ఆ నాలుగు నెలలూ లోపల ఒక్క పుస్తకం ఉండకూడదు. నీ దగ్గర తొమ్మిది వేల పైచిలుకు ఉన్నాయి. గోడౌను అద్దె కనుక్కున్నావా? నేను కనుక్కున్నాను. ఆ అద్దెతో ఇంకో కప్పు వెయ్యొచ్చు. నువ్వు పాటల కచేరీలూ లాటరీలూ పెట్టి చందాలు పోగుచేసినా అదంతా గోడౌనుకే సరిపోతుంది.

ముందు ఇది తేల్చు. తర్వాత గెంతు.

మీ అన్నయ్య నిన్ను అడిగానని రాయమన్నాడు. రాశాను.

మీ వదిన


లైబ్రరీ, ఖాళీ బీరువాల మధ్య
మార్చి 8

వదినకు,

పైన రాసింది మళ్ళీ చదువు. ఖాళీ బీరువాలు. ఒక్క పుస్తకం లేదు. గోడౌనూ లేదు.

నీ ఉత్తరం వచ్చాక రెండు రోజులు గోడౌన్ల అద్దెలే కూడుకుంటూ కూర్చున్నాను. మూడో రోజు రొట్టె కొనుక్కోవడానికి వెళ్ళి బేకరీ ఆవిడ దగ్గర మొత్తుకున్నాను. ఆవిడ పిండి చేతులు తుడుచుకుంటూ, "పుస్తకాలు ఇంటికిచ్చి పంపే చోటుకి గోడౌనెందుకమ్మా? ఇచ్చి పంపెయ్యి" అంది. అంతే. నేను రొట్టె అక్కడే వదిలేసి పరుగెత్తుకొచ్చాను, డబ్బులిచ్చి మరీ వదిలేశాను.

రెండు వందల ముప్పై అరలు, అరకి నలభై పుస్తకాలు. ఎవరైనా ఒక అరని నాలుగు నెలలు దత్తత తీసుకోవచ్చు. తమకు తోచిన చందా ఇచ్చి, పుస్తకాలు ఇంటికి తీసుకెళ్ళి, తడవకుండా చూసుకుని, గది తెరిచే రోజున తిరిగి తేవాలి. తలుపు మీద కాగితం అంటించి, ఎవరొస్తారులే అని దశాంశం గారూ నేనూ గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నాం. వదినా, రెండు ఆదివారాల్లో అరలు అయిపోయాయి. వరస వీధి మలుపు దాటింది. తోపుడు బళ్ళు, సైకిళ్ళు, ఇస్త్రీ బండి, ఒకావిడ ఉయ్యాల తొట్టి. రెండో ఆదివారం అర దొరకని వాళ్ళు నా మీద పోట్లాటకొచ్చారు. సగం కావలసిన చోట సగం మీద కాస్త ఎక్కువే వచ్చింది. సున్నా పాయింట్ అయిదు ఆరు అట.

చట్టాల అర ఎవరికీ అక్కర్లేకపోతే సెలూనాయన జాలిపడి పట్టుకెళ్ళాడు. ఇప్పుడు గడ్డం సగం గీసి ఆపి, మీ అద్దె కాగితం ఒకసారి చూపించండి అంటున్నాడట. బేకరీ ఆవిడ ప్రయాణాలూ నక్షత్రాలూ కలిపి నాలుగు అరలు తీసుకుంది. దశాంశం గారు డిటెక్టివు నవలల అర తీసుకుని, దారిలో ఎవరైనా చూస్తారని ఒక్కొక్క దానికీ న్యూస్‌పేపరు అట్ట వేసుకున్నారు.

మేస్త్రీ సోమవారం పెంకులు విప్పుతాడు. ఇప్పుడు గెంతొచ్చా?

నీ మరదలు


డ్రాయింగు ఆఫీసు
మార్చి 16

మరదలు పిల్లకు,

గెంతు. నీ బుర్రకి దణ్ణం పెట్టాలి. మీ అన్నయ్యకి చదివి వినిపిస్తే, చిన్నప్పుడు నా పెన్సిళ్ళన్నీ ఇలాగే ఊరంతా పంచేసింది, ఒక్కటీ తిరిగి రాలేదన్నాడు. ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. పరాయి చేతికి వెళ్ళిన పుస్తకం పోయినట్టే అని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. ఎవరు ఏ అర పట్టుకెళ్ళారో రాసుకున్నావు కదా? రాసుకునే ఉంటావు. వెర్రిదానివే గానీ లైబ్రేరియన్‌వి.

నీకొక అబద్ధం చెప్పాను. ఆ ప్లాను వారంలో గీసింది కాదు. మూడేళ్ళ కిందట మీ ఊరొచ్చినప్పుడు, నువ్వు మేడ గదికి తాళం వేసి ఏడుస్తుంటే, నేను నీ వెనక అడుగులేసి గది కొలుచుకున్నాను. ఇంటికొచ్చి గీశాను. ఎవరూ అడగలేదు గనక సొరుగులో పెట్టాను. అప్పుడప్పుడూ తీసి చూసుకునేదాన్ని.

ఈ ఆఫీసులో పదిహేడేళ్ళుగా గీస్తున్నాను. మరుగుదొడ్లు, మెట్లు, కార్లు పెట్టుకునే షెడ్లు. పెద్దవి మా యజమాని గీస్తాడు, లేదా నేను గీస్తే తను సంతకం పెడతాడు. నాదని చెప్పుకునే గది ఒక్కటీ ఎక్కడా లేదు. నీ మేడ గది మొదటిది. అందుకని గాజు పెట్టేటప్పుడు మేస్త్రీ నెత్తిన నిలబడు. వాలు తప్పనివ్వకు.

మీ వదిన


ఇల్లు, వంటగది బల్ల
ఏప్రిల్ 5

వదినకు,

ఈ ఉత్తరం కూర్చుని చదువు.

రాసుకున్నాను. ప్రతి అరా, ప్రతి పేరూ, చిరునామా, ఇష్యూ రిజిస్టరులో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్నాను. ఆ రిజిస్టరు కనబడటం లేదు. రెండో ఆదివారం తోపులాటలో నేను అరల్లోవి తీసి బల్ల మీద పెట్టడం, దశాంశం గారు తాడేసి కట్టడం. రిజిస్టరూ బల్ల మీదే ఉంది. ఎవరి కట్టలోనో అదీ వెళ్ళిపోయింది. లైబ్రరీ తన రిజిస్టరునే దత్తత ఇచ్చుకుంది. ఎవరికిచ్చానో చూద్దామంటే అది రాసింది అందులోనే.

ఇంకొకటి. ఇది నీ దగ్గర మొదటి నుంచీ దాచాను. మున్సిపాలిటీ కాగితానికి రెండో పేజీ ఉంది. కప్పు పూర్తయి తలుపులు తెరిచే రోజున పన్నుల ఆఫీసరు వచ్చి పుస్తకాలు లెక్కపెడతాడు. తొమ్మిది వేల రెండు వందల్లో వందకు మించి తగ్గితే, ఊరికి లైబ్రరీ నిలుపుకునే శ్రద్ధ లేదని అర్థమట. మేడ గది పన్నుల ఆఫీసుకి పోతుంది. ఆయనకి ఆ గది మీద ఎప్పటినుంచో కన్ను. చెబితే నువ్వు ప్లాను పంపవేమోనని భయమేసింది. నీ పదిహేడేళ్ళ సంగతి చదివాక చెప్పడానికి మొహం చెల్లలేదు.

నీ గాజు కింద ఫైళ్ళ బీరువాలు పెడతారు, వదినా. ఊహించుకుంటేనే ఏడుపొస్తోంది.

నీ మరదలు


డ్రాయింగు ఆఫీసు
ఏప్రిల్ 9

అమ్మాయ్,

కూర్చునే చదివాను. లేవడానికి చాలాసేపు పట్టింది.

నిన్ను తిట్టాలని మూడు కాగితాలు రాసి చించాను. రెండో పేజీ దాస్తావా నా దగ్గర? నేను పరాయిదాన్నా?

ఇప్పుడు చెప్పినట్టు చెయ్యి. రిజిస్టరు పోయిందని ఎవరితోనూ అనకు, దశాంశం గారితో తప్ప. మన దగ్గర పేర్లు లేవని తెలిస్తే పుస్తకాలు తెచ్చే వాడెవడు? గుర్తున్న ఇళ్ళకి ఏదో పని మీద వెళ్ళినట్టు వెళ్ళు. మాటల్లో పెట్టి రాసుకో. మీ అన్నయ్య మాత్రం ఊరికి ఉన్నదున్నట్టు చెప్పమంటున్నాడు. మీ అన్నాచెల్లెళ్ళకి లోకం తెలియదు. నా మాట విను.

మీ వదిన


లైబ్రరీ, బయటి మెట్లు
ఏప్రిల్ 28

వదినకు,

నీ ఉత్తరం వచ్చేసరికే తలుపు మీద కాగితం అంటించేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది నీ సలహా. తిట్టకు. ఇలా రాశాను: "రిజిస్టరు పోయింది. ఏ పుస్తకం ఎవరింట్లో ఉందో మాకు తెలియదు. మీకు తెలుసు."

మర్నాడు ఉదయం నర్సమ్మ వచ్చింది. ప్రసూతి వార్డులో చేసి రిటైరైందే, ఆవిడ. చంకలో మన రిజిస్టరు. నేను కౌంటరు ఎక్కి దిగినంత పని చేశాను. మరి ఇన్నాళ్ళూ తేలేదేమండీ అంటే, రెండోసారి చదువుతున్నానంది. పద్దెనిమిదేళ్ళుగా ఎవరెవరు ఏమేం చదివారో అందులో ఉంది కదా. తన నలభై పుస్తకాల్లో దీనంత బాగున్నది లేదట, అందరూ తెలిసినవాళ్ళేనట, ముగింపు లేకపోవడం ఒక్కటే లోటట.

అందులో ఆవిడ చూపించిన పేజీ ఒకటి నీకు చెప్పాలి. నీతో పెళ్ళి కుదిరిన నెలలో అన్నయ్య ఇళ్ళు కట్టడం గురించిన పుస్తకాలు ఆరు తీసుకున్నాడు. పునాదుల మీద ఒకటి, దూలాల మీద రెండు, కాంక్రీటు మీద మూడు. అన్నీ గడువు దాటాక ఇచ్చాడు. నేనప్పుడు కొత్తగా చేరాను. నా చేత్తోనే జరిమానా రాశాను, ఎందుకో అడగలేదు.

ఇక ఏడుపు సంగతి. రిజిస్టరు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. అరలు ఆ ఇళ్ళల్లో లేవు. ఊరికే ఉన్నాయి కదా అని పక్కింటికిచ్చారు, పక్కింటివాళ్ళు వియ్యపురాలికిచ్చారు. సెలూనాయన తనే ఒక నోటుబుక్కు పెట్టి, ఆలస్యమైతే జరిమానా కూడా వేస్తున్నాడు. బేకరీ ఆవిడ రొట్టెతోపాటు పుస్తకం ఇచ్చి పంపుతోంది, రొట్టె అయిపోగానే తెచ్చెయ్యమంటుంది, కొందరు రొట్టె మెల్లిగా తింటున్నారట. ఊళ్ళో ఒక్క లైబ్రరీ ఉండేది, ఇప్పుడు రెండు వందల ముప్పై ఉన్నాయి. నాకు నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేస్తున్నాను.

గాజు వాలు సరిగ్గానే వచ్చింది. మేస్త్రీ నన్ను చూస్తే పారిపోతున్నాడు.

నీ మరదలు


డ్రాయింగు ఆఫీసు
మే 6

మరదలు పిల్లకు,

కాంక్రీటు మీద మూడా?

పెళ్ళైన కొత్తలో ఈయన సిమెంటు పాళ్ళ గురించి మాట్లాడితే, ఎంత తెలివైనవాడో అని మురిసిపోయాను. ఇరవై రోజుల తర్వాత ఆ తెలివి ఎక్కడికి పోయిందా అనుకున్నాను. గడువు తీరిపోయిందన్నమాట. నీ ఉత్తరం చూపిస్తే చెవులు ఎర్రగా చేసుకుని బజారుకి వెళ్ళిపోయాడు. ఈ ఇంట్లో ఇంత నవ్వి చాలా ఏళ్ళయింది.

కాగితం అంటించడం తప్పని నేనిప్పటికీ అంటాను. అయినా రోజూ సాయంత్రం పోస్టుపెట్టె చూస్తున్నాను.

తలుపులు తెరిచే రోజుకి సెలవడిగాను. పనుందన్నాడు మా యజమాని. నేను రాలేను. ఆ రోజు జరిగింది జరిగినట్టు రాయి. నన్ను బాధపెట్టకూడదని ఏదీ దాచకు. ఒకసారి దాచావు, చాలు.

మీ వదిన


లైబ్రరీ, మేడ గది
జులై 12

వదినకు,

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఎనిమిదింటికి తలుపులు తీశాం. వరస అప్పటికే ఉంది. తీసుకెళ్ళినప్పటి కంటే పొడవు, ఎందుకంటే ఒక్కొక్క అరా ముగ్గురు నలుగురు చేతుల్లో తిరిగొస్తోంది. పన్నుల ఆఫీసరు ఆరుగురు గుమాస్తాలతో వచ్చి బల్ల వేసుక్కూర్చున్నాడు. మనిషి గట్టివాడు, నవ్వడు. గుమాస్తాలు లెక్కపెట్టడం, నేను అరల్లో సర్దడం, దశాంశం గారు కూడటం. మధ్యాహ్నానికి ఏడు వేలు. నాలుగింటికి తొమ్మిది వేలు దాటాం. నేను సెలూనాయన భుజం పట్టుకుని ఊపేశాను.

అయిదింటికి వరస అయిపోయింది. నూట నలభై మూడు తక్కువ.

దశాంశం గారు మళ్ళీ కూడారు. అంతే వచ్చింది. ఆఫీసరు ఫారం తీసి పెన్ను మూత విప్పాడు. అప్పుడు బేకరీ ఆవిడ ముందుకొచ్చి, "మా కొట్టు ఎదురుగా ఉన్నది పన్నుల ఆఫీసేగా సార్. మీవాళ్ళు రోజూ రొట్టెలు పట్టుకెళతారు" అంది. ఆరుగురు గుమాస్తాలూ ఒకేసారి తలలు దించుకున్నారు. ఒకాయన లేచి, సొరుగుల్లో ఉన్నాయి సార్, ఇవాళ లెక్క పనిలో పడి తేలేకపోయామన్నాడు. పరుగెత్తి తెచ్చారు. నలభై రెండు.

నూట ఒకటి తక్కువ. వందకు మించకూడదు.

అరలన్నీ చేత్తో తడిమాను, బల్లల కింద పాకాను. ఏమీ లేదు. ఏడుపు ఆపుకోవడం నా వల్ల కాలేదు, ఆపుకోలేదు కూడా.

ఆఫీసరు పెన్ను మూత పెట్టి, కుర్చీ పక్కనున్న తన సంచీలోంచి ఒక పుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు. సముద్ర ప్రయాణాల పుస్తకం, అట్ట చిరిగి ఉంది.

"మా గుమాస్తా బల్ల మీద కనబడితే తీసుకున్నాను, మీదని అప్పుడు తెలియదమ్మా. పదిహేడో పేజీలో మీ ముద్ర చూశాను. చూసి మూడు వారాలైంది" అన్నాడు.

ఆయన దాన్ని నా వైపు తోసి, మళ్ళీ వేలితో తన వైపు లాక్కున్నాడు. "ఇంకా అరవై పేజీలున్నాయి. సభ్యుడి చేతిలో ఉన్న పుస్తకం పోయినట్టు కాదుగా?" అని అడిగాడు.

కాదన్నాను. కొత్త రిజిస్టరు తీసి మొదటి గీత కింద ఆయన పేరు రాశాను. ఆయన ఫారంలో వంద అని రాసి సంతకం పెట్టాడు. సరిగ్గా వంద. దశాంశం గారు అక్కడే నేల మీద చతికిలబడి చిన్నపిల్లాడిలా నవ్వడం మొదలుపెట్టారు. ఆ తర్వాత ఎవరు ఎవర్ని పట్టుకుని గెంతారో నాకు తెలియదు. నర్సమ్మ మేస్త్రీతో గెంతింది.

అందరం మేడ ఎక్కాం. సాయంత్రం ఆరు, దీపం వెయ్యలేదు, గదంతా వెలుతురు. ఆఫీసరు గాజు కింద నిలబడి మెడ ఎత్తి చూస్తూ, మాకు మీ మీద కక్ష లేదమ్మా, మా కప్పు కారి ఫైళ్ళు తడిసిపోతున్నాయి, అందుకని ఈ గది అడిగామన్నాడు. ఇది గీసిందెవరని అడిగాడు.

మా వదిన అన్నాను, వదినా. ఊరంతా వినేలా అన్నాను. ఆయన జేబులోంచి కాగితం తీసి నీ చిరునామా రాసుకున్నాడు. ఇల్లా ఆఫీసా అని అడిగితే ఇల్లే ఇచ్చాను.

నీ మరదలు


ఇల్లు, అటూ ఇటూ తిరుగుతూ
జులై 19

మరదలు పిల్లా, నా తల్లీ,

నీ ఉత్తరం, ఆయన ఉత్తరం ఒకే రోజు వచ్చాయి. పన్నుల ఆఫీసుకి మొత్తం కప్పు కొత్తగా గీసివ్వాలట, ఫీజెంతో చెప్పమన్నారు. ఎంత చెప్పాలో నాకు తెలియదు. ఎప్పుడూ ఎవరూ నన్ను అడగలేదు. మీ అన్నయ్యని అడిగితే కాంక్రీటు పాళ్ళు చెబుతున్నాడు. వంట మాడిపోయింది. ఏం ఫరవాలేదు. నేను నీ ఉత్తరం ఆరోసారి చదువుతున్నాను, నూట ఒకటి దగ్గర ప్రతిసారీ ఊపిరి ఆగిపోతోంది, చివర తెలిసి కూడా.

కాగితం అంటించి మంచి పని చేశావు. ఇది ఒక్కసారే ఒప్పుకుంటాను, దాచుకో.

ఈసారి సెలవు అడగలేదు. శనివారం రానని మా యజమాని బల్ల మీద చీటీ పెట్టి వచ్చేశాను. మేమిద్దరం పొద్దున బస్సుకి దిగుతాం. నన్ను ఎవరికీ చూపించకు, దండలూ మాటలూ వద్దు. మేడ గదిలో ఒక మూల కుర్చీ వేసిపెట్టు. అందరూ తలవంచుకుని చదువుకుంటుంటే నేను పైకి చూస్తూ కూర్చుంటాను. మెడ పట్టేసినా సరే, సాయంత్రం దాకా లేవను.

మీ వదిన